పాప జడ ఎవరు వేయాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిది ఒకటే సంగతి. ఇంట్లో అమ్మకో నాన్నకో మానసిక జబ్బు, చికిత్స నడుస్తోంది, పిల్లలున్నారు. మానసిక వైద్యులు, ఆ విభాగంలో పనిచేసే సోషల్ వర్కర్లు కలిసి జవాబులిచ్చారు. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి పేటల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా కోడలికి బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు ఉద్రేకం, కొన్నాళ్లు దిగులు). ఆస్పత్రి నుంచి వచ్చి నెల దాటింది. బాబుకి 8 ఏళ్లు, పాపకి 4. విశ్రాంతి కావాలని డాక్టరు అన్నారని వంట, పిల్లల పనులు అన్నీ నేనే చేసుకొస్తున్నా. కోడలు పొద్దున 10 దాకా లేవదు, లేచినా మంచం దిగదు. పాప ఇప్పుడు నన్నే ‘అమ్మా’ అంటోంది. పిల్లల్ని మళ్లీ ఎప్పుడు అప్పజెప్పాలి?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మంచి రోజు చూసి ఒకేసారి అప్పజెప్పే వ్యవహారం కాదమ్మా ఇది. వారానికో పని చొప్పున ఇస్తూ పోవాలి, అదీ ఇవాళ్టి నుంచే. డాక్టరు విశ్రాంతి అంటే నిద్ర చెడకూడదని అర్థం. మన ఇళ్లలో దాన్ని ఏ పనీ ముట్టుకోనివ్వకపోవడంగా మార్చేస్తాం. అప్పుడు ‘నేను లేకపోయినా ఇల్లు నడుస్తోందిగా’ అన్న ఆలోచనే ఆ అమ్మాయికి మిగులుతుంది. ఈ జబ్బులో ఆ ఆలోచన ప్రమాదం.

ముందు పొద్దుటి సంగతి చూద్దాం. ఒలాంజాపిన్, క్వెటియాపిన్ లాంటి మాత్రలు రాత్రి 11కి వేసుకుంటే మగత మర్నాడు సగం పూట దాకా వదలదు. అదే మాత్ర 8 గంటలకు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. స్కూలు ఆటో వేళకు లేవడానికి చాలామందికి ఈ మార్పే సరిపోతుంది. మగత తగ్గాక కూడా మంచం దిగకపోతే, తిండి మీద ధ్యాస లేకపోతే, ఊరికే కన్నీళ్లు వస్తుంటే అది ఉద్రేకం తగ్గాక వచ్చే దిగులు కావచ్చు. పై అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా చెప్పండి. మందుల షాపులో అడిగి దిగులు మాత్ర మాత్రం కొనొద్దు. బైపోలార్‌లో అదొక్కటే వాడితే మళ్లీ ఉద్రేకం వైపు తిప్పేయవచ్చు.

ఇక పనులు. సాయంత్రం మగత తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. మొదటి వారం పాపకు జడ వేయడం, అంతే. 7 రోజుల్లో 5 రోజులు చేయగలిగితే రెండో వారం బాబు స్కూలు డైరీ చూసి సంతకం పెట్టడం కలపండి. ఆ తర్వాత పొద్దుటి క్యారేజీ, ఆపైన ఆటో ఎక్కించడం. ఒక వారం కుదరకపోతే పాత పనిమీదే ఇంకో వారం ఉండాలి గానీ వెనక్కి లాక్కోకూడదు. మగత పూర్తిగా పోయేదాకా పిల్లలకు వేడినీళ్ల స్నానం, స్కూటీ మీద తీసుకెళ్లడం వద్దు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. జడ వంకరగా వచ్చిందని మీరు విప్పి మళ్లీ వేస్తారు. వంకర జడతో బడికెళ్తే పాపకేం కాదు, విప్పితే మాత్రం నెల కష్టం పోతుంది. పిల్లాడు ఏదైనా అడగడానికి మీ దగ్గరికొస్తే ‘అమ్మనడుగు’ అనండి. కోడలు గొంతు కాస్త పెంచినప్పుడల్లా పిల్లల ముందు ‘మాత్ర వేసుకున్నావా?’ అనడం మానేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ కోపం వస్తుంది కదా.

ఆ అమ్మాయి బాగున్న రోజునే, జబ్బు తిరగబెట్టేముందు కనిపించే గుర్తులను తనతో ఒక కాగితం మీద రాయించండి. వరసగా రెండు రాత్రులు 4 గంటలకు మించి నిద్రపోకపోయినా అలసట లేకపోవడం, అర్ధరాత్రి ఫోన్లు, అవసరం లేని కొనుగోళ్లు... తన గుర్తులేమిటో తనకే తెలుసు. ఆ గుర్తులు కనిపిస్తే డాక్టరుకు ఫోన్ ఎవరు చేయాలి, పిల్లలు ఆ రాత్రి ఎవరి దగ్గర పడుకోవాలి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుండాలి అన్నవీ అందులోనే ఉండాలి. డాక్టరు దొరకకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

బాబుకు మూడు మాటలు చెప్పాలి: అమ్మకు జబ్బు చేసింది, నీ అల్లరి వల్ల రాలేదు, తగ్గించడం డాక్టర్ల పని. పాపకైతే ‘అమ్మకు నిద్ర మందు వేశారు, సాయంత్రం జడ వేస్తుంది’ అంటే చాలు.

ప్రశ్న: మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. ఉద్రేకం, దిగులు రాకుండా ఇచ్చే లిథియం మాత్రలు చాలా ఏళ్లుగా వాడుతూ బాగానే ఉన్నారు. పోయిన వేసవిలో వాంతులయ్యాయి, తూలారు, మాట ముద్దగా వచ్చింది. రక్తంలో మందు పెరిగిందన్నారు. అప్పట్నుంచీ మాత్రలు నేనే లెక్కపెట్టి ఇస్తున్నా. ఈ ఎండల్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఇంటర్ విద్యార్థిని, నల్లపాడు, గుంటూరు

జవాబు: మాత్రలు లెక్కపెట్టడం నీ పని కాదమ్మా. వారం రోజుల గడులున్న డబ్బా కొని, ఆదివారం నాన్ననే సర్దుకోమను. అమ్మ ఒకసారి చూస్తే చాలు. కింది జాగ్రత్తలు వాళ్లిద్దరికీ చదివి వినిపించు.

లిథియాన్ని కిడ్నీలు ఉప్పులాగే చూస్తాయి. చెమటతో ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే ఉన్న ఉప్పును పోనివ్వకుండా పట్టుకుంటాయి, దాంతోపాటే లిథియాన్నీ పట్టుకుంటాయి. అందుకే ఎండల్లో మాత్ర అదే అయినా రక్తంలో మందు పెరుగుతుంది. యార్డుకు నీళ్ల సీసా, ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకెళ్లాలి. బీపీ ఉందని ఆవకాయ, ఉప్పు ఒక్కసారిగా మానేసినా ఇదే జరుగుతుంది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసాలకు ముందు డాక్టరును అడగాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం నొప్పి మాత్రల దగ్గర. నడుం నొప్పని షాపులో తీసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లిథియాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ ఫరవాలేదు. కొన్ని బీపీ మాత్రలూ పెంచుతాయి కాబట్టి బీపీ చూసే డాక్టరుకు లిథియం సంగతి తప్పక చెప్పాలి.

రక్తపరీక్షకు లెక్క ఉంది. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, అంటే 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఉంటే జేబులో పెట్టుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. చాలామందికి ఆ అంకె 0.6 నుంచి 0.8 (mmol/L) ఉంటే చాలు. 1.5 దాటితే విషం కిందే లెక్క, ఏళ్లుగా వాడేవాళ్లకు అంతకంటే తక్కువలోనే లక్షణాలు రావచ్చు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆర్నెల్లకోసారి చేయించాలి. టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు సన్నగా వణకడం మామూలే. టీ ఒలికేంత వణుకు, వాంతులు, విరేచనాలు, తూలడం, ముద్దమాట కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి.

ప్రశ్న: నా భార్యకు స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు). మాత్రలు మానేసింది. పెరుగన్నంలో కలిపి పెడుతున్నా. తప్పా? మాకు మూడేళ్ల బాబు.
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: వెంటనే ఆపండి. అమ్మ కంచంలోంచి మూడేళ్ల పిల్లాడు ముద్ద తినడా? పెద్దల మాత్ర పొడి ఆ వయసువాడికి ప్రమాదం. పైగా సగం అన్నం మిగిలితే ఎంత మందు లోపలికెళ్లిందో మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో మామూలుగా వస్తుంది. ఆమెకు తెలిసిన రోజున ఆ అనుమానం నిజమైపోతుంది, ఇక మీ చేతి అన్నం తినదు.

ఎందుకు మానేసిందో అడిగారా? రిస్పెరిడాన్ లాంటివి నెలసరి ఆపేస్తాయి, కొందరికి రొమ్ముల్లో పాలు కారతాయి. కడుపొచ్చిందేమోనని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక మానేసేవాళ్లున్నారు. ఒలాంజాపిన్‌తో ఒళ్లు వస్తుంది, షుగర్ రావచ్చు. వీటన్నిటికీ దారులున్నాయి: మందు మార్చడం, మోతాదు తగ్గించడం, రెండు వారాలకో నెలకో ఒక ఇంజెక్షన్. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక విభాగాలున్నాయి. డాక్టరును ఆమెతోనే మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.

గుణదల మాత దగ్గరికైనా, పెదకాకాని దర్గాకైనా వెళ్లాలనుకుంటే వెళ్లండి, మాత్రలు సంచిలో పెట్టుకుని. ఎక్కడైనా కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. గొలుసుతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనూ అనుమతించదు.

ప్రశ్న: మొదటి కాన్పయిన వారానికే నాకు మతి తప్పింది. ఇప్పుడు వాల్‌ప్రోయేట్ అనే మాత్ర వాడుతూ బాగున్నాను. రెండో బిడ్డ కావాలనుంది.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కనొచ్చు. గర్భం వచ్చాక కాదు, ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. వాల్‌ప్రోయేట్ బిడ్డ వెన్నెముక, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కాబట్టి గర్భం రాకముందే మందు మార్చాలి. మీ అంతట మీరు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఒకసారి అలా వచ్చినవాళ్లకు కాన్పు తర్వాత మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, అదీ మొదటి రెండు వారాల్లోనే.

మన దగ్గర చెడేది పుట్టింటి ప్రయాణంలో. ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, బాలింత పథ్యమని మాత్రలు మాన్పిస్తారు. మందుల చీటీ, ప్రసూతి డాక్టరుకు రాసిన ఉత్తరం రెండూ అమ్మగారి చేతికి ఇచ్చి వెళ్లండి. కాన్పయ్యాక రాత్రి ఒక విడతగా 5, 6 గంటలు నిద్ర పట్టేలా బిడ్డను మరొకరు చూసుకోవాలి. బిడ్డ ఏడవకపోయినా మీకు నిద్ర పట్టకపోతే అది మొదటి గుర్తు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. చేరాల్సి వచ్చినా 2017 చట్టం 21వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉంది.

ప్రశ్న: నాకు జబ్బుందని కోర్టులో చెప్పి పిల్లల్ని తీసుకుంటానని మా ఆయన బెదిరిస్తున్నారు.
– కృష్ణలంక, విజయవాడ

జవాబు: జబ్బు పేరు ఒక్కటే చాలదు. విడాకులకైనా జబ్బు ఏ స్థాయిలో ఉందో రుజువు కావాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల విషయంలో కోర్టు చూసేది వాళ్ల బాగోగులు. మీ ఓపీ చీటీలన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. స్కూలు డైరీలో మీరు పెట్టిన సంతకాలు, పేరెంట్స్ మీటింగుకు వెళ్లిన తేదీలు, టీకాల కార్డు కూడా అందులోనే ఉంచండి. లాయరు దగ్గరికి ఆ ఫైలుతో వెళ్లండి. మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.