దర్యాప్తు చేసే సీఐ మీదే అనుమానం రావాలంటే వేలిముద్ర పనికిరాదు

మీరు అడిగింది: "నా క్రైమ్ నవలలో హత్య కేసు పరిశోధిస్తున్న డిటెక్టివే చివరికి అనుమానితుడవుతాడు. పాఠకుడు నమ్మేలా అతని మీద ఏ ఆధారం పెట్టాలి?"

వేలిముద్ర మాత్రం పెట్టకండి. దర్యాప్తు అధికారి ఆ ఇంట్లో తిరిగిన మనిషే. గొళ్లెం మీద అతని ముద్ర దొరికితే ఎవరూ ఉలిక్కిపడరు. స్థలంలోకి వెళ్లిన సిబ్బంది ముద్రలతో పోల్చి వాటిని లెక్కలోంచి తీసేస్తారు. వెంట్రుకైనా, బూటు అచ్చయినా అంతే. అధికారికంగా గడప తొక్కక ముందే అతను ఆ ఇంటికి తెలిసినవాడని చెప్పే ఆధారం కావాలి.

మీ డిటెక్టివ్‌ను పోలీసుగానే ఉంచండి. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు హత్య కేసు దర్యాప్తు చేసే అధికారమే లేదు. శవం దగ్గరికి కూడా రానివ్వరు. మన దగ్గర మామూలుగా హత్య కేసు చూసేది సీఐ, కాబట్టి సీఐ అనే అనుకుందాం.

ఆధారంగా వైఫై వాడండి. ఉదయం ఏడు దాటింది, హాల్లో శవ పంచనామా నడుస్తోంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి, అందుకని ఒక కానిస్టేబుల్ సెల్‌ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. క్లూస్ టీమ్ కుర్రాడు రౌటర్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన పరికరాల జాబితా కెమెరాకు చూపిస్తూ చదువుతాడు: టీవీ, మృతుడి ఫోన్, ఇంకో ఫోన్. ఆ మూడో దాని పేరు సీఐ గారి ఫోన్ పేరే. పాస్‌వర్డ్ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి ఎక్కించుకున్న నెట్‌వర్క్ కాబట్టే జేబులో ఉన్న ఫోన్ తనంతట తానే కలిసింది. సీఐ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోతాడు. బయటికెళ్లి ఫోన్‌లోంచి ఆ నెట్‌వర్క్ తీసేసినా లాభం లేదు, వీడియో ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు వెళ్లాల్సిందే.

ఇందులో ఉన్న బలం గమనించండి. అతను ముందెప్పుడో ఆ ఇంటికి వచ్చాడని మాత్రమే ఇది చెబుతుంది. హత్య జరిగిన రాత్రి వచ్చాడని చెప్పదు. ఆ రాత్రి వివరాల కోసం రౌటర్ లాగ్, అంటే ఏ పరికరం ఎప్పుడు కలిసిందో రౌటర్ రాసుకునే చిట్టా కావాలి, కానీ చాలా ఇళ్లలో వాడే రౌటర్లకు కరెంటు పోతే లాగ్ చెరిగిపోతుంది. మెయిన్ స్విచ్ ఎవరు ఆపారన్నది మీకొక అధ్యాయం. ఇంకో చిక్కు: ఇప్పటి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో మారు మ్యాక్ నంబరు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి. పెట్టె మీద ముద్రించిన నంబరుతో పోలిస్తే కలవదు. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ సెట్టింగ్ తెరిచి అక్కడి నంబరుతోనే పోల్చాలి. ఆ వివరాలు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద హాష్ విలువతో (ఫైలు మారలేదని తేల్చే డిజిటల్ గుర్తుతో) సహా సర్టిఫికెట్ ఉండాలి.

టవర్ లొకేషన్ ఒక్కదాని మీద కథ నడిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పల్లెల్లో ఒక్క టవర్ సిగ్నల్ కిలోమీటర్ల మేర ఉంటుంది, ఆ పరిధిలో ఊరంతా ఉన్నట్టే. పోస్టుమార్టంలో డాక్టర్ "రాత్రి 11:42కి చనిపోయాడు" అనడం అంతకన్నా ఘోరం. మన ఎండల్లో శవం బిగుసుకోవడం, సడలడం రెండూ తొందరగానే జరుగుతాయి, ఏ డాక్టరైనా కొన్ని గంటల వ్యవధే చెబుతాడు. ఇక కమిషనర్ "24 గంటల్లో నిర్దోషివని నిరూపించుకో" అని పంపించేసే సీను దయచేసి రాయొద్దు. అనుమానం వచ్చిన రోజే కేసు ఫైలు వేరే అధికారి చేతికి వెళ్తుంది, ఈయన్ని వీఆర్‌కు పంపుతారు, అంటే పోస్టింగ్ లేకుండా పక్కన పెడతారు. అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క.

అసలు పట్టు కేసు డైరీలో ఉంది. దర్యాప్తు అధికారి ఏ రోజుది ఆ రోజు రాయాలి, పేజీలకు వరుస నంబర్లుంటాయి, చించి మార్చడం కుదరదు. మృతుడు తెలిసినవాడైతే డీఎస్పీకి చెప్పి కేసు వదిలేసుకోవాలి. మీ సీఐ అలా చెయ్యలేదు. మొదటి పేజీలో "మృతుడి పరిచయస్తుల వివరాలు ఇంకా తెలియలేదు" అని సొంత చేతితో రాశాడు. హత్య చేయకపోయినా ఆ ఒక్క వాక్యం అబద్ధం. కొత్త అధికారి వీడియోను, ఆ పేజీని పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు అనుమానం పుట్టనివ్వండి.

బాధలో పాత డ్రైవర్ కానిస్టేబుల్ దగ్గర సీఐ నేరం ఒప్పేసుకున్నా అది కోర్టులో చెల్లదు, వినేవాడూ పోలీసే కాబట్టి. ముద్దాయి అయ్యాక తను రాసిన డైరీనే తెప్పించి చూపించమని అడిగే హక్కు అతనికి ఉండదు. జడ్జి మాత్రం తన సాయానికి చూసుకోవచ్చు. కొత్త అధికారి బోనులో తను రాసిన పేజీలు తిరగేసి జవాబు చెబితే, ఆ భాగం మీద అడిగే వీలు డిఫెన్స్ లాయరుకు అప్పుడే దొరుకుతుంది. మీ క్రాస్ ఎగ్జామినేషన్ సీను అక్కడ పెట్టండి.