అమ్మాయి జీవితమంతా రక్తమే తీస్తుందా?

ప్రశ్న: ఆదోనిలో పత్తి మండీలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. రెండేళ్ల కిందట మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వస్తే హెర్‌2 అనే పరీక్ష చేసి, దాన్ని బట్టే మందు నిర్ణయించారు. అప్పటి నుంచి అలాంటి ప్రొటీన్ పరీక్షలు చేసే ల్యాబ్‌లోనే పనిచేస్తానని, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేస్తానని పట్టుబడుతోంది. జీవితమంతా సూదులు గుచ్చుతూ కూర్చుంటుందా అని బంధువులు వెక్కిరిస్తున్నారు. ఒక సంస్థ వాళ్లేమో ‘పర్సనలైజ్డ్ మెడిసిన్’ డిగ్రీ అంటూ రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయించమంటారు?

జవాబు: ముందు ఆ ఫోన్ల సంగతి. పర్సనలైజ్డ్ మెడిసిన్ అంటే మీ అమ్మగారికి చేసినట్టు, రోగిని పరీక్షించి దాన్ని బట్టి మందు ఎంచడమే. మన ఆసుపత్రుల్లో ఆ పేరుతో బోర్డు పెట్టిన గది ఉండదు. ఆ పని జరిగేది పాత పాథాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాల్లోనే. ఉద్యోగ ప్రకటనలో అడిగేదీ ఎంఎల్‌టీ అర్హతే. డిగ్రీకి ఎంత కొత్త పేరు పెట్టినా, డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వంటి గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇవ్వకపోతే అది గోడకు తగిలించుకోవడానికే. 2021లో ఈ వృత్తుల కోసం కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చాక గుర్తింపు మాట మరీ ముఖ్యమైంది.

ఇక మీ అమ్మాయికి నచ్చిన పని. క్యాన్సర్ ముక్కను మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచని పొరలుగా కోసి, గాజు పలక మీద పరుస్తారు. హెర్‌2 అనే ప్రొటీన్‌కు మాత్రమే అతుక్కునే యాంటీబాడీ వేసి రంగు తెప్పిస్తారు. ఆ ప్రొటీన్ విపరీతంగా ఉంటే ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమరంగు ఉంగరం కనిపిస్తుంది. అది 3+ స్కోరు. ట్రాస్టుజుమాబ్ అనే మందు పనిచేసేది ఇలాంటి వారికే. 2+ వస్తే జన్యువుల లెక్క చూసే మరో పరీక్షకు పంపుతారు. సున్నా, 1+ రెండింటినీ ఒకప్పుడు ‘లేదు’ అనే ఒకే గాటన కట్టేవారు. 2022లో అమెరికాలో 1+ వారికీ పనిచేసే మందుకు అనుమతి వచ్చింది. అప్పటి నుంచి ఆ లేత మరకకూ విలువ వచ్చింది. రంగు సరిగా పట్టించడం టెక్నీషియన్ పని, స్కోరు చెప్పి సంతకం చేయడం పాథాలజీ ఎండీ పని. కింద తన పేరు లేదని బాధపడే పిల్ల అయితే మరోసారి నీట్ రాయించండి.

ఈ పనిలో అసలు నైపుణ్యం యంత్రం దగ్గర ఉండదు, అంతకుముందే ఉంటుంది. పత్తి ఎంత తెల్లగా ఉన్నా తేమ 12 శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదని మీకు నేను చెప్పాలా? ఇక్కడా అంతే. ముక్క తీసిన గంటలోపు, అది పాడవకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి. ఒకసారి ఒక ల్యాబ్‌లో నా కళ్లముందే ఒక సీసా వచ్చింది. ఫార్మలిన్ బదులు సెలైన్ పోసి రాత్రి బస్సులో పంపారు. మూత తీయగానే టెక్నీషియన్ తల అడ్డంగా ఊపింది. ఆ రోగికి మళ్లీ ముక్క తీయాల్సి వచ్చింది.

సూదుల మాటకొస్తే, మొదట్లో కొంతకాలం రక్తం తీయక తప్పదు. అదీ చిన్న పని కాదు. ట్యూబును గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని ఎల్‌డీహెచ్ అనే ప్రొటీన్ బయటికొచ్చి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి జీతం మాత్రం తక్కువే, ఆశ పెట్టుకోకండి. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేస్తే దారి వెడల్పవుతుంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ ఆ కోర్సు ఉంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, దాని ఆసుపత్రి ల్యాబ్ చూడండి. మీకు దగ్గర కర్నూలే. అక్కడ 1957 నాటి వైద్య కళాశాల, రాష్ట్ర క్యాన్సర్ సంస్థ రెండూ ఉన్నాయి. ఎంఎల్‌టీ సీట్ల సంగతి ముందు అక్కడ కనుక్కోండి. ఎక్కడికి వెళ్లినా రెండు ప్రశ్నలు అడగండి: హెర్‌2 స్లైడ్లు ఇక్కడే వేస్తారా, బయటికి పంపుతారా? మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ రోగుల రక్తంలో ప్రొటీన్లను పట్టీలుగా విడదీసే ఎలెక్ట్రోఫొరిసిస్ ఇక్కడ చేస్తారా? రెండూ హైదరాబాద్ పంపే చోట చేరితే అమ్మాయి నేర్చుకునేది ప్యాకింగే.

మీ అమ్మగారి రిపోర్టు ఇంట్లో ఉంటే ఈ రాత్రే తీయండి. స్కోరు ఉన్న పేజీలో, ముక్క ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందో రాశారేమో అమ్మాయిని వెతకమనండి. రాసి ఉంటే, అది ఏ ల్యాబో చూసి, అక్కడ ఎంఎల్‌టీ విద్యార్థులను శిక్షణకు తీసుకుంటారేమో ముందు కనుక్కోండి.