ఒడిలో పెట్టుకుని వాయించే గిటార్ కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

స్క్వేర్‌నెక్ రెసొనేటర్ గిటార్ కొనుక్కోవాలనుంది, చేతిలో డబ్బు తక్కువుంది, ఏది తీసుకోమంటావు మావయ్యా అని అడిగావు. ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ తక్కువ ధర గిటార్లలో ఒకే మోడల్‌వి రెండు పక్కపక్కన పెట్టి వాయిస్తే ఒకటి గంటలా మోగుతుంది, ఇంకోటి గరగరమంటుంది. అందుకని ఏం చూడాలో, ఏం వినాలో రాస్తున్నాను. అది తెలిస్తే ఎవరి సలహా లేకుండానే నువ్వు ఎంచుకోగలవు.

ఈ గిటార్‌లో మోగేది ముఖ్యంగా చెక్క కాదు, లోపలున్న గిన్నెలాంటి అల్యూమినియం కోన్, రెసొనేటర్ అనేది దాన్నే. గిటార్లకు ఎలక్ట్రిక్ పికప్‌లు ఇంకా రాని రోజుల్లో, బ్యాండులో మిగతా వాయిద్యాల మధ్య గిటార్ వినపడేది కాదు. దానికి మార్గంగా అమెరికాలో జాన్ డోపేరా పలచని అల్యూమినియం కోన్లను గిటార్ లోపల అమర్చాడు. 1927లో నేషనల్ కంపెనీ పెట్టి తెచ్చిన గిటార్లలో మూడు చిన్న కోన్లు ఉండేవి. ఆ తర్వాతి సంవత్సరం ఆయన అన్నదమ్ములతో కలిసి డోబ్రో అనే కంపెనీ మొదలుపెట్టాడు. దాని గిటార్లలో ఉండేది ఒకటే పెద్ద కోన్, దాన్ని వెల్లకిలా పెట్టి పైన స్పైడర్ అనే ఎనిమిది కాళ్ల లోహపు చట్రం కూర్చోబెట్టారు. తీగ కదలిక అది ఆనుకునే శాడిల్ అనే ముక్కకు, శాడిల్ నుంచి స్పైడర్‌కు, స్పైడర్ కాళ్ల ద్వారా కోన్ అంచుకు చేరుతుంది. బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద శైలి సంగీతంలో నువ్వు విని ఇష్టపడ్డ ఆ ధ్వని ఈ స్పైడర్ ఏర్పాటుది. 1955లో ఫ్లాట్ అండ్ స్క్రగ్స్ బృందంలో చేరిన జోష్ గ్రేవ్స్ దాన్ని మూడు వేళ్ల పికింగ్‌తో అందరికీ దగ్గర చేశాడు. తర్వాత మైక్ ఆల్డ్రిడ్జ్, జెర్రీ డగ్లస్ దాన్ని ఎంత దూరం తీసుకెళ్లారో నీకే తెలుసు.

కాబట్టి అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది ఇది స్పైడర్ బ్రిడ్జా, బిస్కెట్ బ్రిడ్జా అని. బిస్కెట్ రకంలో కోన్ బోర్లా ఉంటుంది, దాని శిఖరం మీద చిన్న గుండ్రటి చెక్క ముక్క, ఆ ముక్క మీద శాడిల్. బ్లూస్ వాయించేవాళ్లకు అది బాగుంటుంది, సాధారణంగా కోన్ తొమ్మిదిన్నర అంగుళాలది. స్పైడర్ రకంలో కోన్ పదిన్నర అంగుళాలది. నీకు కావలసింది ఇదే. మూడు కోన్ల ట్రైకోన్ హవాయి పాటలకు చాలా తీయగా ఉంటుంది, కానీ మంచిది తక్కువలో దొరకదు. ఇప్పటికి దాని సంగతి వదిలెయ్.

ఇక నెక్. స్క్వేర్‌నెక్ వెనకవైపు నాలుగు పలకలుగా, లావుగా ఉంటుంది. గిటార్ ఒడిలో వెల్లకిలా పెట్టుకుంటాం, వేళ్లతో తీగల్ని ఫ్రెట్లకు, అంటే నెక్ మీది అడ్డ లోహపు గీతలకు, అదమం, పైన స్టీల్ బార్ జరుపుతాం. అందుకే నెక్ తల వైపున తీగలు ఆనే నట్ దగ్గర అవి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తులో ఉంటాయి. రౌండ్‌నెక్ గిటార్ చవగ్గా దొరికితే నట్ మీద ఎత్తు పెంచే ముక్క తగిలించుకోవచ్చు కదా అని కూడా రాశావు. బార్ చేతికి అలవాటు చేసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ నువ్వు నేర్చుకోవాలనుకుంటున్నది బ్లూగ్రాస్ శ్రుతి, అంటే లావు తీగ నుంచి సన్న తీగ దాకా జి, బి, డి, జి, బి, డి. ఇందులో ఆరో తీగను, ఐదో తీగను మామూలు గిటార్ శ్రుతి కంటే బాగా పైకి లాగుతాం. ఆ లాగుడుకు సన్నటి రౌండ్‌నెక్ వంగిపోయే ప్రమాదం ఉంది. స్క్వేర్‌నెక్ అంత లావుగా ఉండేది ఆ బరువు మోయడానికే. ఎలాగూ డబ్బు పెడుతున్నావు కాబట్టి స్క్వేర్‌నెక్కే తీసుకో.

చెక్క గురించి ఎక్కువ ఆలోచించకు. మామూలు అకౌస్టిక్ గిటార్‌కు సాలిడ్ చెక్క కావాలని వినుంటావు, అక్కడ ఆ మాట నిజం. ఇక్కడ ప్లైవుడ్ బాడీతో కూడా మంచి ధ్వని వస్తుంది. పాత డోబ్రోలు చాలా వాటికి లామినేటెడ్ చెక్కే వాడారు. మహాగనీనా, మేపులా అని టెన్షన్ పడుతూ, పైన మెరిసే పాలిష్ కోసం ఎక్కువ డబ్బు పోయకు. బాడీ గట్టిగా ఉండాలి, అతుకులు విడిపోకూడదు. అంతే చాలు.

బాడీ లోపలి కట్టు గురించి మాత్రం ఒక్క విషయం తెలుసుకో. పాత పద్ధతిలో కోన్ కింద చుట్టూ చెక్క గోడ ఉంటుంది, దానికి కిటికీల్లా రంధ్రాలుంటాయి. దాన్ని సౌండ్‌వెల్ అంటారు. కొత్త పద్ధతిలో ఆ గోడ తీసేసి పొట్టి స్తంభాలు, అడ్డపలకలు పెడతారు, అదే ఓపెన్ బాడీ. టిమ్ షీర్‌హార్న్ లాంటి తయారీదారులతో ఈ పద్ధతికి మంచి పేరొచ్చింది. సౌండ్‌వెల్‌లో ధ్వని బిగుతుగా, సూటిగా వస్తుంది. ఓపెన్ బాడీలో కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. నాకు ఓపెన్ బాడీ అంటేనే ఇష్టం. అయినా చవక ఓపెన్ బాడీ కంటే శ్రద్ధగా కట్టిన సౌండ్‌వెల్ గిటారే మేలు.

ఇప్పుడు కోన్ దగ్గరకు వద్దాం. డబ్బు నిజంగా ఇక్కడే పెట్టాలి. కోన్లు రెండు రకాలు. పలచటి రేకును అచ్చు మీద తిప్పుతూ రూపం తెచ్చేది స్పన్ కోన్, యంత్రంతో ఒక్క దెబ్బలో నొక్కి తీసేది స్టాంప్డ్ కోన్. మరీ చవక గిటార్లలో తరచుగా రెండో రకం ఉంటుంది, దాని ధ్వని డబ్బా కొట్టినట్టు ఉంటుంది. స్పన్ కోన్ ఉన్నదే అడుగు. లేకపోయినా గిటార్ మిగతా అంతా బాగుంటే వదులుకోకు, కోన్ మార్చుకోవచ్చు. క్వార్టర్‌మన్, బేర్డ్, నేషనల్ కోన్లు విడిగా దొరుకుతాయి. కోన్, స్పైడర్ కలిపి మార్చి, శాడిల్ కొత్తగా చెక్కిస్తే సాదా ప్లైవుడ్ గిటార్ కూడా వేరే వాయిద్యంలా పలుకుతుంది. అందుకే నీ దగ్గరున్న మొత్తమంతా గిటార్‌కే పెట్టేయొద్దు. ఐదో వంతైనా సెటప్‌కు, అంటే గిటార్ సరిచేయించడానికి, పక్కన ఉంచు. కొత్త గిటార్ అయినా సరే, రెసొనేటర్ గురించి తెలిసినవాళ్ల చేత ఒకసారి విప్పించి సరిచేయించు. ఫ్యాక్టరీలో ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వరు.

ఆ సరిచేయడంలో ఏముంటుందో నీకూ తెలియాలి. స్పైడర్ ఎనిమిది కాళ్లూ కోన్ అంచుకు సమంగా ఆనాలి. ఒక్క కాలు గాల్లో ఉన్నా ఏదో ఒక స్వరం దగ్గర జుయ్యిమంటుంది. స్పైడర్ మధ్యలో కోన్‌ను పట్టుకునే ఒక స్క్రూ ఉంటుంది. అది తగిలీ తగలనట్టు బిగించి ఉండాలి. గట్టిగా బిగిస్తే కోన్ ఆకారం చెడుతుంది, మళ్లీ సరికాదు. నువ్వు మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని జోలికి వెళ్లకు. శాడిల్ గట్టి మేపుల్ ముక్కతో చేసి, పైన ఎబొనీ ఉంటే చాలా మంచిది. ప్లాస్టిక్ శాడిల్ ఉంటే ముందు అది తీయించు, ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే వినిపిస్తుంది.

దుకాణంలో గిటార్ చేతికి రాగానే ముందు పైనుంచి బార్‌ను ఆరు తీగల మీద అడ్డంగా పెట్టు, నొక్కకు. ఆరూ బార్‌కు తగలాలి. తీగల మందం వేరువేరు కాబట్టి నట్‌లో గాళ్లు సరైన లోతుల్లో కోయాలి. ఈ పని సరిగ్గా చేయకపోతే ఒక తీగ కింద ఉండిపోతుంది, నువ్వు బార్‌ను నొక్కి నొక్కి వాయిస్తావు, శ్రుతి తప్పుతుంది, తప్పు నీ చేతిదనుకుంటావు. మొదట నేర్చుకునేవాళ్లు ఇక్కడే ఎంతోమంది నిరుత్సాహపడతారు. ఇదే పరీక్ష శాడిల్ దగ్గరా చెయ్.

తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకు వేలు తాకీ తాకనట్టు ఆనించి హార్మోనిక్ మీటు. వెంటనే బార్‌ను సరిగ్గా ఆ గీత మీద పెట్టి అదే తీగ మీటు. రెండూ ఒకే స్వరం పలకాలి. కొంచెం తేడా ఉంటే శాడిల్ సర్దితే సరిపోతుంది. ఎక్కువ తేడా ఉంటే కోన్ స్థానమో, నెక్ అమరికో తప్పినట్టు. అలాంటిది తీసుకోకు. ఫ్రెట్లను మనం నొక్కకపోయినా చూపు ఆ గీతల మీదే ఉంటుంది, చెవి తీర్పు చెప్పేలోగా చేతికి దారి చూపేవి అవే.

ఆ పైన ఒక్కో తీగనూ మొదటి గీత నుంచి చివరి దాకా నెమ్మదిగా, గట్టిగా మీటుతూ వెళ్లు. బార్ వెనక ఉన్న తీగను మిగతా వేళ్లతో ఆపి ఉంచు, లేకపోతే అది చేసే చప్పుడును గిటార్ లోపం అనుకుంటావు. ఎక్కడైనా జిరజిర వినిపిస్తే కోన్ పైనుండే కవర్‌ప్లేట్ మీద అరచెయ్యి ఆనించి చూడు. శబ్దం ఆగిపోతే స్క్రూలు వదులై ఉంటాయి, అది చిన్న పని. తీగల చివర్లు పట్టి ఉంచే టెయిల్‌పీస్ కవర్‌ప్లేట్‌కు తగులుతున్నా అలాంటి చప్పుడే వస్తుంది, మధ్యలో చిన్న ఫెల్ట్ ముక్క పెడితే పోతుంది. చెయ్యి పెట్టినా ఆగకపోతే గొడవ లోపల ఉంది.

పాత గిటార్ కొనడం తప్పేం కాదు. నీ బడ్జెట్‌కు మంచి అవకాశం అక్కడే ఉందనుకుంటాను. కొత్తవాటిలో గ్రెచ్ బాక్స్‌కార్, రీగల్ ఆర్‌డి-40 స్క్వేర్‌నెక్ రకాలు మొదలుపెట్టేవాళ్లకు తగినవి. ఇంకొంచెం పెట్టగలిగితే గోల్డ్‌టోన్ వాళ్లు పాల్ బేర్డ్ పేరుతో చేసే గిటార్లు చూడు, వాటిలో సెటప్ మెరుగ్గా ఉంటుంది. షీర్‌హార్న్ డిజైన్‌తో వెక్టర్ కంపెనీ చేసినవి ఎవరైనా అమ్మకానికి పెడితే వెంటనే నాకు చెప్పు, ధరకు మించిన ధ్వని వాటిది. పాతదైతే నెక్, బాడీ కలిసే చోట సందు ఉందా, పైపలక లోపలికి కుంగిందా, తల దగ్గర పగులు అతికించారా అని చూడు. నెక్‌ను అంచు మీదుగా ఒక కన్ను మూసి చూస్తే వంపు తెలిసిపోతుంది. చాలా స్క్వేర్‌నెక్‌లకు వంపు సరిచేసే ట్రస్ రాడ్ ఉండదు, కాబట్టి వంగినదాన్ని బేరం బాగుందని తెచ్చుకోవద్దు. ట్యూనర్లు వదులుగా ఉంటే పర్వాలేదు, అవి మార్చుకునేవే.

గిటార్‌తో పాటు మంచి బార్ కూడా తీసుకో. పక్కలు లోపలికి తొలిచి ఉండే స్టీవెన్స్ తరహా బార్ నీ వేళ్లకు పట్టు ఇస్తుంది, బార్‌ను తీగకు తాకించీ, వదిలీ పలికించే హ్యామర్-ఆన్‌లు, పుల్-ఆఫ్‌లు నేర్చుకునేటప్పుడు దాని సుఖం తెలుస్తుంది. బొటనవేలికి ఒకటి, రెండు వేళ్లకు లోహపు పిక్‌లు. తీగలు జి శ్రుతికని అమ్మే రెసొనేటర్ సెట్టే అడుగు, మందం 16 నుంచి 56 దాకా (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉండే సెట్ మామూలుగా సరిపోతుంది. గట్టి కేస్ తప్పకుండా కావాలి. కవర్‌ప్లేట్ మీద పడ్డ బరువు తిన్నగా లోపలి కోన్ మీదికే దిగుతుంది.

దూరం నుంచి కొనేటట్టయితే అమ్మేవాళ్లను పన్నెండో ఫ్రెట్ పరీక్ష వీడియో తీసి పంపమను, నట్ దగ్గర పక్కనుంచి తీసిన ఫొటో కూడా అడుగు. ఆ రెండూ పంపడానికి ఇష్టపడనివాళ్ల దగ్గర తీసుకోకు. వీడియో వచ్చాక నాకూ పంపు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని, ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను.

నీ మావయ్య