మినుము ఆకుల మీద గోధుమ చుక్కలు: ఓజోన్ అనుమానం ఎలా తేల్చుకోవాలి

అన్నా, మంగళగిరి పక్కన మీ మినుములో ముదురు ఆకుల మీద గోధుమ చుక్కలు వచ్చాయనీ, రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదనీ రాశారు. మూడోసారి కొట్టకండి, ముందు ఆకు తిప్పి చూడండి. అడుగున నల్లి, సన్నటి గూడు ఉంటే అది పురుగు సంగతే. చుక్కలు పైవైపే, ఈనెల మధ్యనే ఉండి, ఈనెలు పచ్చగా, లేతాకులు శుభ్రంగా ఉంటే, నేల దగ్గరి గాలిలో ఉండే కాలుష్య వాయువు ఓజోన్‌ని అనుమానించొచ్చు. పల్లాకు తెగులైతే లేతాకుల్లోనే పసుపు మచ్చలు పడతాయి.

ఇక ఓజోన్ పైరుకి ఎంత తగిలిందో లెక్క. పగటిపూట గంట గంటకీ ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల పాళ్ల గాలిలో 40 పాళ్లు) దాటిన భాగాన్ని మాత్రమే కూడాలి. ఉదాహరణకి 46, 55, 61, 58, 38 వస్తే 6+15+21+18, మొత్తం 60. 38ని వదిలేయాలి. మూడు నెలల్లో ఇది 3000 దాటితే దిగుబడికి ముప్పని యూరప్‌లో గోధుమ లాంటి పైర్లకి పెట్టుకున్న హద్దు. మినుముకి దాన్ని సూచనగానే తీసుకోండి. గాలి నాణ్యత మానిటర్ అంకె ఘనమీటరుకి మైక్రోగ్రాముల్లో ఉంటే సుమారుగా సగం చేస్తే పీపీబీ.

ఒక మెలిక ఉంది. బెజవాడ నడిబొడ్డున వాహనాల పొగే ఓజోన్‌ని కొంత తినేస్తుంది, గాలివాలున ఉన్న పొలాల్లో అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఇంకోటి, నీళ్లు బాగా అందిన పైరు ఆకు రంధ్రాలు తెరిచి ఓజోన్‌ని ఎక్కువ పీలుస్తుంది. అలాగని తడి ఆపేరు, బెట్ట నష్టమే పెద్దది!

రెండు వైపులా ఆకు ఫొటోలు పెట్టండి, చూద్దాం.