గ్రాంట్‌ని నేను ఎలా తూస్తానంటే

"అమెరికా అంతర్యుద్ధం గెలిపించిన జనరల్ యులిసిస్ గ్రాంట్, అధ్యక్షుడయ్యాక అవినీతిపరుల చేతిలో పడ్డాడు కదా, ఆయన్ని మంచివాడనాలా, చేతకానివాడనాలా?" అని అడిగారు. నేనూ ఒకప్పుడు చేతకానివాడనే అనుకున్నాను. సెయింట్ లూయిస్‌లో నా ఉద్యోగం పోయి, వీసాకి మిగిలిన 60 రోజులు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆ అభిప్రాయం మారింది.

ఇంట్లో కూర్చుంటే టెన్షన్. ఒకరోజు ఊరి శివార్లలోని వైట్ హేవెన్‌కి వెళ్లాను. పేరుకి వైట్ గానీ ఇల్లంతా ముదురు ఆకుపచ్చ రంగు. గ్రాంట్ భార్య జూలియా పుట్టిల్లు అది. 1854లో సైన్యం వదిలేసిన గ్రాంట్ అక్కడ సేద్యం చేశాడు, కలిసిరాలేదు. కట్టెలు కొట్టి బండిమీద తెచ్చి సెయింట్ లూయిస్‌లో అమ్ముకున్నాడు. 1857లో క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు బంగారు గడియారం 22 డాలర్లకి తాకట్టు పెట్టాడు.

అప్పట్లో ఆయన దగ్గర విలియం జోన్స్ అనే బానిస ఉండేవాడు, మామగారి నుంచి వచ్చినవాడు. అమ్మితే బాగానే డబ్బు వచ్చేది. 1859 మార్చి 29న గ్రాంట్ కోర్టుకి వెళ్లి, అతన్ని విడిచిపెడుతున్నట్టు సంతకం చేసి ఇచ్చాడు. నేను ఆ వారమే మా రెండో కారు అమ్మకానికి పెట్టి, ఇంకో ఐదొందల డాలర్ల కోసం బేరమాడుతున్నాను. చేతిలో డబ్బు లేనప్పుడు మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో అప్పుడు నాకు బాగా తెలుసు. అందుకే ఆ సంతకం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అలాగని దేవుణ్ణి చేయను. ఆ ఇంటి కింది గదిలో వండిపెట్టింది మామగారి బానిసలే, వాళ్ల చాకిరీ మీదే ఈయన సంసారమూ నడిచింది. అంతర్యుద్ధం మధ్యలో, 1862 డిసెంబరులో, పత్తి దొంగవ్యాపారం సాకుతో తన సైనిక పరిధిలోంచి యూదులందరూ వెళ్లిపోవాలని ఆర్డర్ వేశాడు. కొద్ది వారాల్లోనే లింకన్ దాన్ని రద్దు చేయించాడు. ఎలా చూసినా అది తప్పే.

ఇక అధ్యక్ష పదవి, 1869 నుంచి 1877 దాకా. నమ్మినవాళ్లే నట్టేట ముంచారు. విస్కీ పన్ను ఎగ్గొట్టిన ముఠా కేసులో సొంత కార్యదర్శి ఇరుక్కుంటే, అతని తరఫున తానే సాక్ష్యం ఇచ్చాడు. ఆయన జేబులోకి డబ్బు వెళ్లిందని ఎవరూ నిరూపించలేదు. కానీ మనుషుల్ని అంచనా వేయడం ఆయనకి రాదు.

నన్ను అడిగితే అసలు తూచాల్సింది వేరే ఉంది. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లవాళ్లని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా చంపుతుంటే ఆయన ఊరుకోలేదు. 1871లో గట్టి చట్టం తెప్పించాడు, సౌత్ కరోలినాలో 9 కౌంటీలలో హెబియస్ కార్పస్ (అరెస్టు చేసినవాళ్లని కోర్టు ముందు హాజరుపరచాలనే హక్కు) నిలిపేసి వందలమందిని అరెస్టు చేయించాడు. క్లాన్ నడుం విరిగింది. అదే మనిషి 1875లో మిసిసిపీ గవర్నర్ సైన్యం పంపమని వేడుకుంటే పంపలేదు. అక్కడ తెల్లజాతి ముఠాలు నల్లవాళ్లని బెదిరించి ఎన్నికలు లాగేసుకున్నాయి. విస్కీ కుంభకోణం కంటే ఇదే నాకు పెద్ద మచ్చగా కనిపిస్తుంది. పుస్తకాల్లో మాత్రం విస్కీకి పేజీలు ఎక్కువ.

ఇన్ని చూశాక కూడా నేను మంచివాడనే అంటాను. మీరు సెయింట్ లూయిస్ వైపు వస్తే వైట్ హేవెన్‌తో పాటు పక్కనే గ్రాంట్స్ ఫార్మ్‌లో, ఆయన కట్టుకున్న దుంగల ఇల్లు కూడా చూడండి.