ఆరుబయట నిలిపే కారుకు ఏ పూత మేలు?

విశాఖపట్నంలో ఎండకు, సముద్రపు గాలికి ఆరుబయటే నిలిపే కారు రంగుకు మైనం, సీలెంట్, సిరామిక్ కోటింగ్‌లలో ఏది మేలన్నది ప్రశ్న. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా మైనం చక్కని మెరుపునిచ్చినా, మన ఎండలకు ఎక్కువ కాలం నిలవదు. మైనంలాగే రంగుపై పూసే కృత్రిమ పూత అయిన పాలిమర్ సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది, ఇంట్లోనే పూసుకోవచ్చు కనుక నేను దానినే సూచిస్తాను. సిలికాన్ డయాక్సైడ్ ఆధారంగా తయారయ్యే సిరామిక్ పూత ఏళ్ల తరబడి నిలిచేదే గాని, పాత గీతలను అది దాచదు కాబట్టి, ముందు పాలిష్ చేయించక తప్పదు, ఖర్చంతా అక్కడే పెరుగుతుంది. రాళ్ల దెబ్బలను సిరామిక్ కూడా ఆపలేదు. అందుకు మందపాటి పాలియురెథేన్ ఫిల్మ్ అంటించాలి. ఏది ఎంచుకున్నా, కారును కడిగి, క్లే బార్‌తో, అంటే మెత్తని బంకమట్టి లాంటి ముద్దతో, అంటుకున్న మురికి తీసి, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే పూయండి. పక్షి రెట్ట పడితే, పూత ఉందని ఉపేక్షించకుండా, నీటితో నానబెట్టి వెంటనే తుడవండి.