కారు కంప్యూటర్‌కి జీపీఎస్ పెట్టే ముందు

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కార్లో పెట్టుకున్న 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌కి జీపీఎస్ రిసీవర్ కొనాలని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. డబ్బు పెట్టే ముందు ఈ ఒక్కటి మనసులో పెట్టుకో అబ్బయా. లోపల ఏ చిప్ ఉందన్నదానికన్నా, యాంటెన్నాకి ఆకాశం ఎంత కనబడుతోందన్నదే ముఖ్యం. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కణ్ణించి వచ్చే సిగ్నల్ చాలా పల్చన, ఇనప రేకు అడ్డమొస్తే అక్కడితో సరి. ఖరీదైన రిసీవర్ని తెచ్చి స్టీరియో వెనకాల ఇరికించడం కన్నా, ఓ మోస్తరుదాన్ని రూఫ్ మీద పెట్టడం ఎంతో మేలు.

అంగట్లో మూడు రకాలు దొరుకుతాయి. పెన్‌డ్రైవ్ లాంటిది మొదటిది. కంప్యూటర్‌కే అంటుకుని ఉంటుంది కాబట్టి దాని కరెంటు రొదంతా నెత్తిన పోసుకుంటుంది, నీకొద్దు. రెండోది గుండ్రటి బిళ్ళ. యాంటెన్నా లోపలే ఉంటుంది, యూఎస్‌బీ తీగ బయటికొస్తుంది. మూడోది చిన్న బోర్డు, దానికి విడిగా స్క్రూ తిప్పి బిగించే అయస్కాంతపు యాంటెన్నా. నువ్వు దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్‌కి వెళ్తుంటావు. అక్కడ చెట్ల నీడలో సగం ఆకాశమే కనబడుతుంది. కాబట్టి మూడోదే తీసుకో.

చిప్ విషయంలో యూ-బ్లాక్స్ కంపెనీ నియో-6ఎం పాతది, జీపీఎస్ ఒక్కటే పట్టుకుంటుంది. నియో-ఎం8ఎన్ అయితే జీపీఎస్ లాంటిదే రష్యా వాళ్ళ గ్లోనాస్‌ని కూడా ఒకేసారి వాడుకుంటుంది. అడవిలో, నెల్లూరు సందుల్లో ఆ తేడా తెలుస్తుంది. 6ఎం పేరుతో నకిలీలు విపరీతంగా ఉన్నాయి, మరీ చవగ్గా చెబితే ముట్టుకోకు. సెకండ్‌హ్యాండ్‌లో పాత సరుకు కొంటే ముందు అది చూపించే తేదీ చూడు. జీపీఎస్ వారాల లెక్క 1,024కి చేరి మళ్ళీ సున్నా నించి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు కొన్ని పాత రిసీవర్లు తేదీని దాదాపు 20 ఏళ్ళు వెనక్కి చూపించడం మొదలుపెట్టాయి.

మన శ్రీహరికోట నించి వెళ్ళిన నావిక్ (మన దేశపు సొంత జీపీఎస్ లాంటిది) ఉపగ్రహాలు కూడా పనికొస్తాయా అంటావేమో. వాటిలో మొదటి తరంవి 1176.45 మెగాహెర్ట్జ్ మీద పంపుతాయి, మామూలు యాంటెన్నా 1575.42కి తయారైనది కాబట్టి వాటిని పట్టదు. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01 నించే 1575.42 మీద కూడా మొదలుపెట్టారు. నీ అవసరానికి దాని కోసం ఆగక్కర్లేదు.

ఇక బిగించడం. యాంటెన్నాని రూఫ్ వెనక అంచుకి నాలుగు వేళ్ళ ఎడంలో, చదునుగా అంటించు. కింద ఉన్న ఇనప రేకు దానికి అడ్డం కాదు, సాయం. తీగని డిక్కీ తలుపు కీలు ఉన్న వైపు నించి రబ్బరు బీడింగు కింద లోపలికి తియ్యి. తాళం పడే వైపు తీస్తే నాలుగు రోజుల్లో నలిగి తెగుతుంది. లోపలికి దూరేచోట తీగ తిన్నగా దిగకూడదు. ముందు కాస్త కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి దూరాలి. అప్పుడు వాననీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. లోపల తీగని గుమ్మం పక్క ప్లాస్టిక్ పట్టీ కిందుగా ముందుకి తీసుకురా. రూఫ్ అంచునా, స్తంభాల్లోనా కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని మీదుగా ఏ తీగా పోకూడదు, ప్రాణం మీదికొస్తుంది. మిగిలిన తీగని కోసెయ్యకు, గట్టిగా మడవకు, వదులుగా చుట్టి కట్టు. మన సముద్రపు గాలికి ఇత్తడి జాయింట్లు పచ్చబడతాయి కాబట్టి స్క్రూ బిగించాక పైన వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగించు.

రూఫ్ మీద ఇష్టం లేకపోతే ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద పెట్టచ్చు. కానీ మే నెల ఎండలో ఒంగోలు రోడ్డు మీద నిలబెట్టిన కారు డాష్‌బోర్డు కాలిపోతుంది, జిగురు బిళ్ళలు ఊడిపోతాయి. అద్దానికి లోహపు పూతో, లోహం కలిసిన సన్‌ఫిల్మో ఉంటే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.

కరెంటు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఎప్పుడూ కరెంటుండే తీగకి కలిపితే, కంప్యూటర్ 3 వాట్లే తిన్నా రోజుకి 6 ఆంపియర్-అవర్లు పోతాయి. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగైదు రోజులకి సెల్ఫ్ తిప్పలేదు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు ఏదో మల్టీమీటర్‌తో చూసి, అక్కణ్ణించి 3 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకో. బ్యాటరీ వోల్టేజిని దించే కన్వర్టర్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేదై ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 9 వోల్టులకో ఇంకా కిందికో పడుతుంది. 8 వోల్టులకి పడినా నిలిచే కన్వర్టర్ కాకపోతే కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. చవక మొబైల్ చార్జర్లూ, డాష్‌క్యామ్‌లూ సిగ్నల్‌ని ముంచేస్తాయి. యాంటెన్నాని వాటికి దూరంగా ఉంచు.

తర్వాత కంప్యూటర్‌లో, రిసీవర్ పంపేది చదివే జీపీఎస్‌డీ ప్రోగ్రామ్ పెట్టు. తెర మీద పిచ్చి గుర్తులు వస్తుంటే రిసీవర్, కంప్యూటర్ మాట్లాడుకునే వేగం (బాడ్ రేటు) సరిపోలేదని అర్థం. నియో 6, 8 తరాలవి మామూలుగా 9600, సర్ఫ్ అనే రకం చిప్ ఉన్న పాత బిళ్ళలు 4800. రేపు విండోస్ కంప్యూటర్‌కి తగిలించినప్పుడు మౌస్ బాణం దానంతటదే గెంతుతుంటే భయపడకు. జీపీఎస్‌ని అది సీరియల్ మౌస్ (పాతకాలపు మౌస్) అనుకుంటోంది. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్‌ని ఆపెయ్. వచ్చే టైమ్ గ్రీన్‌విచ్‌ది, మనకి 5 గంటల 30 నిమిషాలు కలపాలి.

పరీక్ష ఊళ్ళో చెయ్యకు. మైపాడు బీచ్ దగ్గర కారు నిలిపి ఆన్ చెయ్. మొదటిసారి చోటు పట్టడానికి అరనిమిషం, మహా అయితే నిమిషం, రెండు నిమిషాలు. రిసీవర్ తెర మీదికి పంపే వాటిలో ఆర్ఎంసీ అనే వరుసలో 'వీ' ఉన్న చోట 'ఏ' పడితే దొరికినట్టే. ఉపగ్రహాల పక్కనుండే సిగ్నల్ అంకె నాలుగైదింటికి 40 దాటాలి. అన్నీ 25 దగ్గరే ఆగితే ముందు డాష్‌క్యామ్ పీకి చూడు, తర్వాత చార్జర్, ఆ తర్వాత యాంటెన్నా జాయింటు. నిలిపిన కారు మ్యాప్‌లో రెండు మూడు మీటర్లు అటూ ఇటూ కదిలినట్టు కనబడితే అది రోగం కాదు.

ఆర్డర్ పెట్టే ముందు యాంటెన్నా పెట్టే చోటు నించి డిక్కీ కీలు మీదుగా కంప్యూటర్ దాకా, తీగ పోయే దారిలోనే దారం పరిచి కొలువు. యాంటెన్నాలు 3 మీటర్లు, 5 మీటర్ల తీగలతో వస్తాయి. పొడుగు పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి 3 మీటర్లు సరిపోతే అదే తెప్పించు. ఆ కొలత నాకు ఫోన్‌లో చెప్పు.

నీ మామయ్య